తల్లి రొయ్య ఎక్కడిదో చెప్పని పేపర్లు: మంచినీటి రొయ్యల పరిశోధకులకు, వారి సంస్థలకు బహిరంగ లేఖ

మంచినీటి రొయ్యలపై పరిశోధన జరిపిస్తున్న విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పరిశోధన సంస్థల సంచాలకులకు, ప్రాజెక్టులకు నిధులిచ్చే శాఖల అధికారులకు, మత్స్యశాస్త్ర పత్రికల సంపాదకులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

మేం నీలకంఠ రొయ్య మీద బతికేవాళ్లం. మీ పేపర్లలో దాన్ని మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గీ అంటారు, మార్కెట్లో స్కాంపి అంటారు. మాలో హేచరీ (రొయ్య పిల్లను పుట్టించే కేంద్రం) టెక్నీషియన్లు, రైతులు, ఫిషరీస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, చేసి బయటికొచ్చినవాళ్లు ఉన్నారు. పరిశోధన పత్రం మీద ఎవరి పేరు ఉండాలి, ఎవరితో కలిసి పని చేయాలి, ఫలితం ఎవరికి చేరాలి అన్న విషయాల మీద ఇదివరకే సంబంధిత విభాగాలకు అర్జీలు పెట్టుకున్నాం. అది గైడుకూ విద్యార్థికీ మధ్య వ్యవహారం అన్నారు ఒకచోట. పత్రిక వాళ్లు చూసుకోవాలన్నారు ఇంకోచోట. పత్రికకు రాస్తే మీ సంస్థలోనే తేల్చుకోమన్నారు. ఎవరి గడపా మాది కాదని తేలాక ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాం.

ఈ రొయ్యను చెరువులోకి తెచ్చింది శాస్త్రమే. 1960ల మొదట్లో పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ ఈ రొయ్య లార్వా (గుడ్డు నుంచి వచ్చిన పసిరూపం) బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలని కనిపెట్టారు. హవాయిలో టకుజి ఫుజిమురా దాన్ని పెద్దఎత్తున పిల్ల తీసే పద్ధతిగా మార్చారు. వాళ్ల పని లేకపోతే నెల్లూరు జిల్లాలో స్కాంపి హేచరీ అన్నదే ఉండేది కాదు. ఆ గౌరవంతోనే ఈ మాటలు రాస్తున్నాం.

రచయితల జాబితా అంటే ప్రమోషన్ల గొడవ అని మీలో చాలామంది అనుకుంటున్నారు. మాకది పిల్ల నాణ్యత గొడవ. పని తెలిసిన మనిషి పేరు జాబితాలో లేకపోతే డ్రాఫ్టు అతని చేతికి రాదు. డ్రాఫ్టు రాకపోతే అందులోని తప్పు పట్టుకునేవాడు ఉండడు. ఆ తప్పు అచ్చవుతుంది, శిక్షణ తరగతిలో సలహాగా మారుతుంది, చివరికి రైతు చెరువులో తేలుతుంది.

2005-06లో మన దేశంలో స్కాంపి దిగుబడి 40 వేల టన్నులు దాటింది. అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. ఐదేళ్లు తిరక్కుండా పది వేల టన్నుల లోపుకు పడిపోయింది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య సాగుకు అనుమతి రావడం ఒక కారణం, నిజమే. కానీ అంతకుముందే పిల్ల ఎదగడం మానేసింది, తెల్లతోక రోగం హేచరీలను ఊడ్చేసింది. ఆ రెండింటికీ జవాబు చెప్పాల్సిన పరిశోధన ఎక్కడ తెగిపోయిందో కింద పెడుతున్నాం.

1. తల్లి రొయ్య పుట్టుక. "స్థానిక హేచరీ నుంచి పోస్ట్‌లార్వా (లార్వా దశలు దాటిన పిల్ల) సేకరించాం." పేపర్లలో పద్ధతుల భాగం చాలాసార్లు ఈ ఒక్క వాక్యంతో మొదలై, ఆ సంగతి అక్కడితోనే ముగుస్తుంది. ఆ పిల్ల తల్లులు గోదావరిలో పట్టినవా, చెరువులోవా? చెరువులోవైతే ఆ చెరువుకు పిల్ల ఇచ్చిన హేచరీ ఏది? ఎన్ని తల్లుల నుంచి తీశారు? ఇవేవీ ఉండవు.

జరిగేది ఇది. రైతు పట్టుబడికి ముందే పెద్ద మగవాటిని ఏరి అమ్మేస్తాడు. మిగిలిన వాటిలో త్వరగా గుడ్లు పెట్టిన చిన్న ఆడవాటిని హేచరీ కొనుక్కుంటుంది. గుడ్లు నారింజ రంగు నుంచి బూడిద రంగుకు తిరగగానే తొట్లో వేస్తుంది. వాటి పిల్లే మళ్లీ అదే చెరువుల్లోకి వెళ్తుంది. ఇలా కొన్ని తరాలు తిరిగితే, బాగా ఎదిగేవి మార్కెట్‌కు పోయి, తొందరగా గుడ్లకొచ్చి ఎదుగుదల ఆగిపోయేవి తల్లులుగా మిగులుతాయి. పైగా అన్నీ దగ్గరి చుట్టాలే. అలాంటి మంద మీద కొత్త మేత పరీక్షించి "ఎదుగుదలలో తేడా లేదు" అని రాస్తే, ఆ మాట మేత గురించా, మంద గురించా?

ఏ చెరువు తల్లి ఏ తొట్లోకి వెళ్లిందో తెలిసింది హేచరీ టెక్నీషియన్‌కు ఒక్కడికే. అతని రికార్డు పుస్తకంలో తేదీ, చెరువు గుర్తు, తల్లుల సంఖ్య, సెలినిటీ (నీటి ఉప్పదనం), ఉష్ణోగ్రత, ఏ రోజు ఏ దశ లార్వా కనిపించిందో అన్నీ ఉంటాయి. 12 పీపీటీ (వెయ్యికి 12 పాళ్ల ఉప్పు) నీళ్లలో పదకొండు దశలు దాటి పిల్ల అయ్యేదాకా, దాదాపు నెల రోజులు, ఉదయం ఆర్టీమియా అనే చిన్న జీవుల్ని మేపి మైక్రోస్కోపు కింద లార్వా పొట్ట చూసేది అతనే. పేపర్లో పట్టిక ఆ పుస్తకం నుంచే వస్తుంది. అతని పేరు మాత్రం కృతజ్ఞతల్లో కూడా ఉండదు, "హేచరీ సిబ్బంది" అని ఉంటుంది.

చక్కగా చేసిన పనీ ఉంది, దాన్నీ చెప్పాలి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలచరాల పెంపకం సంస్థ (సీఐఎఫ్ఏ) 2007 నుంచి వరల్డ్‌ఫిష్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థతో కలిసి గుజరాత్, కేరళ, ఒడిశా మందలను కలిపి, కుటుంబాల వారీగా వంశావళి రాసుకుంటూ ఎంపిక ప్రజననం చేసింది. సీఐఎఫ్ఏ-జీఐ స్కాంపి అనే మెరుగైన రకం అలా వచ్చింది. ఏ రొయ్య ఏ తల్లిదో రాసి ఉంచబట్టే తరం తరానికీ ఎదుగుదల ఎంత పెరిగిందో చెప్పగలిగారు.

2. రోగం వచ్చిన పిల్ల శాంపిల్. తెల్లతోక రోగం 1990ల మధ్యలో గ్వాడెలూప్ దీవిలో బయటపడి, 2000ల మొదట్లో మన హేచరీలను పట్టుకుంది. ఎంఆర్‌ఎన్‌వీ అనే నోడావైరస్, దాని వెంట ఎక్స్‌ఎస్‌వీ అనే చిన్న వైరస్ దీనికి కారణం. వీటిని పీసీఆర్‌తో (వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) పట్టే పద్ధతులు తమిళనాడులోని మేల్‌విషారం కాలేజీ, ఫ్రాన్స్‌లోని మాంపెలియే శాస్త్రవేత్తలు కలిసి పనిచేయడం వల్ల మన దాకా వచ్చాయి. కలిసి పనిచేస్తే ఏం వస్తుందో దానికి అది మంచి ఉదాహరణ.

అయితే ఈ రోగం ఎవరి కోసమూ ఆగదు. తోక తెల్లబడ్డం కనిపించాక ఐదారు రోజుల్లో చావు తారస్థాయికి చేరుతుంది. ఒక్కోసారి నూటికి తొంభై ఐదు పోతాయి. శాంపిల్ తీసుకెళ్లినవాళ్లు ఫలితం ఆ వారంలో చెప్పకపోతే హేచరీకి దానితో పనిలేదు. చాలాచోట్ల ఆ ఫలితం మాకు మొదటిసారి కనిపించేది ఏడాది తర్వాత, పేపర్లో, పట్టికలో ఒక గుర్తుగా. ఈలోగా బతికి బయటపడ్డ పిల్ల పెద్దదై, రోగం పైకి కనిపించకుండానే వైరస్ మోస్తూ, మళ్లీ తల్లి రొయ్యగా తొట్లోకి వచ్చేసి ఉంటుంది. తల్లి నుంచి పిల్లకు సోకుతుందని రాసింది మీరే.

శాంపిల్ తీయడంలోనే పని చెడే చోట్లున్నాయి. ఇవి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. పిల్లను ఐస్ మీద గంటల తరబడి ఉంచితే ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే కణజాల పరీక్షకు పనికొస్తుంది కానీ పీసీఆర్‌కు పనికిరాదు. పిల్లనైతే బతికుండగానే, దాని బరువుకు పది రెట్ల 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. పెద్ద రొయ్యలో ఈదే కాళ్ల ముక్క చాలు, తల్లిని చంపక్కర్లేదు. కన్ను, కాలేయ గ్రంథి తీస్తే పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాల వల్ల రోగం ఉన్నా లేనట్టు రావచ్చు. ఇక్కడ ఎవరు ఏం చేశారన్నది రచయితలకు తెలియకపోతే, "నెగటివ్" అన్న ఫలితానికి అర్థం ఏమిటో వాళ్లకే తెలియదు. ఆ ఒక్క మాట నమ్మి ఇరవై లక్షల పిల్ల రైతులకు వెళ్తుంది.

బంగ్లాదేశ్ సంగతి చూడండి. 2011 ప్రాంతం నుంచి అక్కడి హేచరీల్లో లార్వా మూకుమ్మడిగా చనిపోతుంటే, దానితో సంబంధం ఉన్నట్టు కనిపించిన గోల్డా వైరస్ వివరాలు అచ్చయింది 2020లో. బ్రిటన్ ప్రయోగశాలల వాళ్లూ బంగ్లాదేశ్‌లో పనిచేసేవాళ్లూ కలిసి రాసిన పేపరది. స్థానికులకు అందులో చోటు దక్కడం మంచిదే. కానీ మధ్యలో పోయిన అన్నేళ్లలో హేచరీలు మూతపడి, నదిలో పట్టిన పిల్ల మీద ఆధారపడాల్సి వచ్చింది రైతులకే. హేచరీకీ ప్రయోగశాలకూ మధ్య ముందే రాతపూర్వకమైన ఒప్పందం ఉంటే మొదటి ఏడాదే శాంపిళ్లు సరైన సీసాల్లో ఉండేవని మా నమ్మకం.

3. సగటు బరువు. ఈ రొయ్యలో మగవి మూడు రకాలుగా ఎదుగుతాయని మీకు మేం చెప్పక్కర్లేదు: పొట్టి మగవి, నారింజ కాళ్లవి, నీలి కాళ్లవి. పది రొయ్యల్లో రెండు 90 గ్రాముల నీలి కాళ్ల మగవి, నాలుగు 30 గ్రాముల ఆడవి, నాలుగు 12, 13 గ్రాముల పొట్టి మగవి ఉంటే సగటు 35 గ్రాములు. పదికి పదీ 35 గ్రాములవే అయినా సగటు అంతే. మొదటి చెరువులో రైతు రెండు రొయ్యలకు మంచి ధర తెచ్చుకుని నాలుగింటిని ఊరి సంతలో తెగనమ్ముతాడు. రెండో చెరువు ధర లెక్కే వేరు. పేపర్లో రెండూ ఒకటే. పట్టుబడి రోజు బల్ల దగ్గర కూర్చుని రకాలు వేరుచేసింది కూలీలు, తూచింది విద్యార్థి. లెక్క కట్టినవాళ్లు బల్ల దగ్గర లేరు, బల్ల దగ్గరున్నవాళ్లను డ్రాఫ్టు చూడనివ్వలేదు.

4. పేర్ల వరుస. అధ్యాపకుల ఎంపిక, ప్రమోషన్ల మీద 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పేపర్లో ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి రచయితకు, ప్రధాన లేదా కరస్పాండింగ్ (పేపరు తరఫున జవాబులిచ్చే) రచయితకు 70 శాతం మార్కులు, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. రెండు కుర్చీల కోసమే కొట్లాట అంతా. ప్రయోగం చేసిన విద్యార్థి మూడో స్థానానికి దిగిపోతాడు, తొట్టి కూడా చూడని పెద్దమనిషి మొదట్లో కూర్చుంటాడు. ఇలా ఎన్నిచోట్ల జరుగుతోందో మీ మీ విభాగాల్లో విద్యార్థుల పేర్లు బయటపెట్టకుండా అడిగి చూడండి.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ చెప్పిన నాలుగు షరతులు మత్స్యశాస్త్ర పత్రికలు కూడా ఉదహరిస్తాయి: ఆలోచనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో ఉండాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, మొత్తానికి జవాబుదారీ కావాలి. టెక్నీషియన్ రాయలేదు కాబట్టి రచయిత కాడని ఈ షరతులనే మాకు చూపిస్తున్నారు. అదే నియమావళిలో ఉన్న మరో మాట ఎవరూ చదవరు: మొదటి షరతు తీర్చినవాళ్లకు దిద్దే అవకాశం ఇవ్వకుండా, ఆ కారణంతోనే వాళ్లను తప్పించడానికి ఈ షరతులను వాడకూడదు. నిధులు తెచ్చినంత మాత్రాన, పైనుంచి అజమాయిషీ చేసినంత మాత్రాన రచయిత కారని కూడా అందులోనే ఉంది.

ఎవరు పడితే వాళ్లు రచయితలు కావాలని మేం అడగడం లేదు. చెరువు అద్దెకిచ్చిన రైతు రచయిత కాడు. పేరు వేయొచ్చో లేదో అడిగి కృతజ్ఞతలు చెబితే, ఫలితం చెబితే చాలు. హేచరీ యజమాని రచయిత అయితే అతని వ్యాపార ప్రయోజనం పేపర్లో చెప్పి తీరాలి.

5. చుట్టూ అడ్డుగోడలు. ఒకే విభాగంలో గైడు, అతని ముగ్గురు విద్యార్థులు, చిన్న తొట్లలో 60 రోజులో 90 రోజులో మేత ప్రయోగం, ఏదో ఒక ఆకు పొడి. పక్క జిల్లాలో ఇంకొకరు అదే ఆకు, అదే మోతాదు. ఒకరి పని ఒకరికి తెలియదు. ఎకరం చెరువులో పరీక్షించే దశకు ఏదీ రాదు, ఎందుకంటే దానికి రైతు కావాలి, వైరస్ చూసే ల్యాబ్ కావాలి, జన్యుశాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. ఇంతమంది కలిస్తే పేరు వరుసలో కిందికి పోతుంది. 70-30 లెక్క చేసిన నష్టాల్లో మా దృష్టిలో ఇదే పెద్దది.

విదేశాలతో కలిసి చేసే పని మాత్రం కావాలి. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో ఆమిర్ సాగి బృందం మగ హార్మోన్ గ్రంథిలోని జన్యువును ఆర్‌ఎన్‌ఏతో అణచి, మగ రొయ్యను ఆడగా మార్చి, దాని సంతానం అంతా మగవే అయ్యేలా చేసింది. ఆ పరిజ్ఞానం మన దేశానికీ వచ్చింది. మా ప్రశ్న ఒక్కటే. మన నదుల రొయ్య, మన హేచరీల శాంపిల్ బయటికి వెళ్లినప్పుడు 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతి ఉందా, పేపర్లో మనవాళ్లు కేవలం శాంపిల్ మోసినవాళ్లుగా మిగిలారా, తిరిగి వచ్చిన పరిజ్ఞానం ధర రైతుకు అందేలా ఉందా? పరిశోధనలో సమానత్వం మీద 2022 కేప్‌టౌన్ ప్రకటన అడిగింది కూడా ఇదే.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. మొదటి శాంపిల్ తీయకముందే ఒక పేజీ ఒప్పందం రాయాలి. ఎవరు ఏ పని చేస్తారు, రచయితలెవరు, వరుస ఏమిటి, మధ్యలో ఎవరైనా మానేస్తే ఏం చేస్తారు, సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది. పని మారినప్పుడల్లా తిరగరాసి అందరూ సంతకం చేయాలి. ఇది లేకుండా ప్రాజెక్టుకు రెండో విడత డబ్బు విడుదల చేయొద్దు.

రెండు. ఎవరు ఏ పని చేశారో 14 పాత్రలుగా చూపే క్రెడిట్ పట్టిక ప్రతి పేపర్లో ఉండాలి. సంపాదకులు దాన్ని కరస్పాండింగ్ రచయిత ఒక్కరి మాట మీద తీసుకోకుండా, రచయితలందరికీ విడివిడిగా మెయిల్ పెట్టి నిర్ధారించుకోవాలి. లార్వా పెంపకం, శాంపిల్ సేకరణ చేసిన టెక్నీషియన్‌కు డ్రాఫ్టు చదివి దిద్దే అవకాశం ఇవ్వాలి. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులో చదివి వినిపించండి. దానికి ఒక మధ్యాహ్నం చాలు.

మూడు. మంచినీటి రొయ్య పేపర్లో ఈ వివరాలు లేకపోతే సమీక్షకు పంపొద్దు: తల్లుల మూలం నదా చెరువా, ఏ జిల్లా, ఎన్ని తల్లులు, తెలిసినంతవరకు ఎన్నో తరం, లార్వా నీటి సెలినిటీ, ఉష్ణోగ్రత, పట్టుబడిలో ఆడవి, మూడు రకాల మగవి ఎన్నెన్ని, వాటి బరువులు విడివిడిగా, రోగ శాంపిల్‌లో ఏ భాగం, దేనిలో, ఎంతసేపు, ఎన్ని పిల్లలు కలిపి ఒక శాంపిల్. హేచరీ పేరు బయటపెడితే దాని వ్యాపారం దెబ్బతింటుంది కాబట్టి పేరుకు బదులు గుర్తు వాడండి, జిల్లా మాత్రం దాచొద్దు.

నాలుగు. రోగ పరీక్ష ఫలితం ఏడు రోజుల్లోపు శాంపిల్ ఇచ్చినవాళ్లకు రాతపూర్వకంగా చేరాలి, పాజిటివ్ అయితే జలచరాల రోగాల జాతీయ నిఘా కార్యక్రమానికి కూడా వెళ్లాలి. పేపరు అచ్చయ్యేదాకా దాచడం ఇక కుదరదు.

ఐదు. మూల సమాచారం, రికార్డు పుస్తకం ఫొటోలు సంస్థ సర్వర్లో ఉండాలి. విద్యార్థి వెళ్లిపోగానే యూనివర్సిటీ మెయిల్ మూతపడుతుంది, లెక్కలు అతని ల్యాప్‌టాప్‌తో పోతాయి. తర్వాత ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పే దిక్కుండదు. కరస్పాండింగ్ రచయితగా 70 శాతం తీసుకున్నవాళ్లు ఆ బాధ్యతా తీసుకోవాలి.

ఆరు. పీహెచ్‌డీకి ముందు పేపరు తప్పనిసరి అన్న నియమాన్ని యూజీసీ 2022లోనే తీసేసింది. 2025లో తాను గుర్తించిన పత్రికల కేర్ జాబితానూ ఆపేసింది. ఏది మంచి పత్రికో తేల్చే భారం ఇప్పుడు మీ మీదే ఉంది. పేపర్ల సంఖ్య లెక్కపెట్టడం మానేసి, రైతు చెరువులో పరీక్షించిన పనికి, రెండు మూడు సంస్థలు కలిసి చేసిన పనికి మీ అంతర్గత మూల్యాంకనంలో మార్కులివ్వండి.

ఏడు. రచయితల వివాదాలకు బయటి సభ్యుడున్న కమిటీ వేసి, 60 రోజుల్లో తేల్చాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థి గైడును ఆ లోపు మార్చుకునే వీలుండాలి, లేకపోతే ఫిర్యాదు చేసేవాళ్లే ఉండరు.

ఎనిమిది. మన జిల్లాల్లో జరిగిన ప్రతి ప్రయోగానికి రెండు పేజీల తెలుగు నివేదిక, పనిచేయని ప్రయోగాలకు కూడా, మత్స్యశాఖ కార్యాలయానికీ పాల్గొన్న హేచరీలకూ ఇవ్వాలి. ఏ మోతాదు పనిచేయలేదో తెలిస్తే రైతు ఆ సంచి కొనడు.

ఈ ఎనిమిదింటిలో మొదటిది, మూడోది, నాలుగోది మీ సంతకంతో రేపే అమలు చేయొచ్చు. వాటికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. రాబోయే ఏడాదికి ప్రాజెక్టు ప్రతిపాదనలు పిలిచేలోపు ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకో సంస్థల వారీగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఒప్పందం రాయని ప్రాజెక్టులకు ఆ తర్వాత మా హేచరీల నుంచి తల్లి రొయ్యలు గానీ, పిల్ల గానీ, రికార్డు పుస్తకాలు గానీ ఇవ్వం. రోగ నిర్ధారణ శాంపిళ్లకు మాత్రం ఈ నిర్ణయం వర్తించదు, వాటిని ఎప్పటిలాగే ఇస్తాం.

ఇట్లు,
మంచినీటి రొయ్యల హేచరీ టెక్నీషియన్లు, రైతులు, ఫిషరీస్ పరిశోధక విద్యార్థులు
నెల్లూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలు